క్యాంపర్ వ్యాన్ కట్టుకోవడం: ఆర్డర్ ఫారం నుంచి కాటా దాకా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ల కాలంలో వ్యాన్‌నే ఇల్లుగా మార్చే పని లేదు కాబట్టి అక్కడితో ఆపారు. ఖాళీ సరుకుల వ్యాన్ ఒకటి ఆర్డర్ చేసి, అందులో మంచం, వంటగట్టు, కరెంటు, నీళ్లు అమర్చుకోవడానికి నాకు అనుకున్నదానికి రెట్టింపు కాలం పట్టింది. రంపం పట్టాక చేసిన తప్పులు దిద్దుకోవడం పెద్ద కష్టం కాలేదు. కుర్చీలో కూర్చుని ఆర్డర్ ఫారం నింపిన ఆ ఒక్క గంటలో చేసిన తప్పులే నెలల తరబడి వెంటాడాయి. అందుకే ఇక్కడ వడ్రంగం కన్నా దాని ముందు పని గురించే ఎక్కువ రాస్తున్నాను.

1. ముందు అద్దె వ్యాన్‌లో పడుకోండి

ఏ వ్యాన్ కొనాలో తేల్చుకునే ముందు, అలాంటిదే ఒకటి అద్దెకు తీసుకుని కనీసం మూడు రాత్రులు గడపండి. వాన పడితే మీ అదృష్టం. తడిసిన చెప్పులు ఎక్కడ పెట్టాలి, ఒకరు వంట చేస్తుంటే రెండోవాళ్లు ఎటు తప్పుకోవాలి, అర్ధరాత్రి లేవాలంటే పక్కవాళ్లను దాటాలా, ఇవన్నీ ఎండరోజున గుర్తుకే రావు.

మేం వెళ్లే ముందు వెనకాల అడ్డంగా మంచం, పెద్ద భోజనాల బల్ల, స్నానానికి విడిగా చిన్న గది కావాలనుకున్నాం. తిరిగొచ్చాక స్నానాల గది జాబితాలోంచి పోయింది, దాని చోటు నీళ్ల ట్యాంకుకూ చలికోట్లకూ వచ్చింది. మీకు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా అనిపించవచ్చు. ఎటు తేలినా ఫర్వాలేదు, తేలాల్సింది మాత్రం ఆర్డర్‌కు ముందే.

తరవాత నేల మీద సుద్దముక్కతో వ్యాన్ లోపలి కొలత గీసి, మంచం, గట్టు, సీట్ల చోట్లలో అట్టపెట్టెలు పేర్చి తిరిగి చూడండి. కంప్యూటర్‌లో గీసిన బొమ్మలో అన్నీ పడతాయి. అట్టపెట్టెల మధ్య మోకాలు తగిలితే గానీ అసలు సంగతి బయటపడదు.

2. కొలతలు, బరువు: రెండు లెక్కలు

బ్రోచర్‌లో ఉండే లోపలి వెడల్పు ఉత్త రేకు నుంచి రేకుకు కొలిచింది. ఫియట్ డుకాటో తరహా వ్యాన్లలో అది సుమారు 187 సెంటీమీటర్లు. అడ్డంగా పడుకోవచ్చని చాలామంది వాటిని ఎంచుకునేది అందుకే. కానీ ఇన్సులేషన్ (వేడినీ చలినీ ఆపే పొర), లోపలి పలకలు కలిసి ఒక్కో పక్క 3, 4 సెంటీమీటర్లు తినేస్తాయి. మిగిలేది 180కి అటూ ఇటూ. మీ ఎత్తు 178 అయితే తల ఒక గోడకు, కాళ్లు ఒక గోడకు ఆనతాయి. అప్పుడు పక్క గోడలో, కిటికీ ఉండాల్సిన చోట బయటికి పొడుచుకొచ్చే ఫైబర్ డొప్పలు పెట్టించుకోవాలి, లేదా మంచం నిలువుగా వేసుకుని నేల చోటు వదులుకోవాలి. ఎత్తు విషయంలోనూ ఇంతే. లోపల 193 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యాన్‌లో నేల, పైకప్పు పనులు పూర్తయ్యాక 185, 186 మిగులుతుంది.

పొడవు చూసేటప్పుడు ఇరుసుల మధ్య దూరం కూడా చూడండి. డుకాటోలో 5.99 మీటర్ల రకానికీ 6.36 మీటర్ల రకానికీ ఆ దూరం ఒకటే, 4.035 మీటర్లు. అంటే పెరిగిన పొడవంతా వెనక చక్రాల వెనకాలే వేలాడుతుంది. అక్కడ పెట్టిన ప్రతి కిలో వెనక ఇరుసు మీద కిలో కన్నా ఎక్కువే పడుతుంది, ముందు ఇరుసును కాస్త పైకి లేపుతుంది కూడా.

ఇక బరువు. చాలా దేశాల్లో మామూలు కారు లైసెన్సుతో నడపగలిగే వాహనం మొత్తం బరువుకు 3,500 కిలోలు హద్దు. ఐరోపా కాగితాల్లో ఖాళీ బరువుగా చూపించే అంకెలో 75 కిలోల డ్రైవరు, 90 శాతం నిండిన ఇంధనం కలిసి ఉంటాయి గానీ, మీరు అదనంగా ఎంచుకున్న వస్తువుల బరువు ఉండదు. పెద్ద ట్యాంకు, ట్రెయిలర్ కొక్కెం, స్పేర్ చక్రం అన్నీ మీ ఖాతాలోకే వస్తాయి. ఒక కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టండి: మనుషులు, 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు, బ్యాటరీలు, సోలార్ పలకలు, ఫ్రిజ్, పరుపు, బట్టలు, వంటపాత్రలు. ప్లైవుడ్‌ను మాత్రం తక్కువగా అంచనా వేయకండి. 2.44 × 1.22 మీటర్ల షీటు, 12 మిల్లీమీటర్ల మందంలో, బిర్చ్ అయితే దాదాపు 24 కిలోలు, పోప్లార్ అయితే 15 కిలోలు. పది షీట్లకు ఎంత తేడా వస్తుందో లెక్క వేసుకోండి.

3. ఆర్డర్ ఫారం: ఇక్కడే నిదానం

నా ఫారంలో ముందు సీట్ల దగ్గర 'ఇద్దరు కూర్చునే బెంచీ' అని ముందే టిక్ పడి ఉంది. మిగతావన్నీ పట్టిపట్టి చూసిన నేను దాన్ని చూడలేదు. వ్యాన్ వచ్చాక గానీ తెలియలేదు, ముందు సీట్లు వెనక్కి తిరిగి కూర్చునేలా మార్చాలంటే ఒంటి సీటు ఉండాలని. ఆ బెంచీ పీకి, ఒంటి సీటు, దాని కింద తిరిగే పీఠం కొని, సైడ్ ఎయిర్‌బ్యాగ్ వైరు, బెల్టు కొక్కెం సరిపోతాయో లేదో తేల్చుకునేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటును తెలిసిన మెకానిక్‌తోనే మార్పించాలి, అది మన స్క్రూడ్రైవర్ పని కాదు.

కాబట్టి ఫారంలో ప్రతి గడి ముందూ ఒకటే ప్రశ్న వేసుకోండి: దీన్ని తరవాత నేను పెట్టుకోగలనా? పెట్టుకోగలిగితే వదిలేయండి. లేకపోతే ఇప్పుడే టిక్ పెట్టండి.

ఆ లెక్కన ఫ్యాక్టరీ నుంచే రావాల్సినవి నా దృష్టిలో ఇవి: ఒంటి సీటు, వీలైతే రెండు ముందు సీట్లూ తిరిగేవి, ముందు క్యాబిన్‌కూ వెనక భాగానికీ మధ్య అడ్డుగోడ లేకుండా, ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది), డీజిల్ హీటర్ పెట్టే ఆలోచన ఉంటే ఇంధన ట్యాంకు మీద దానికి విడి గొట్టం, ఎందుకంటే తరవాత ట్యాంకు దించి గొట్టం దూర్చడం రోజంతా పట్టే పని, వెనక కెమెరా, పూర్తిగా వెనక్కి మడిచే వెనక తలుపులు, బరువు హద్దు పెరిగే గట్టి చాసిస్. క్రూయిజ్ కంట్రోల్ మీ ఇష్టం. నేలకు ప్లైవుడ్, గోడలకు పలకలు కంపెనీవే కావాలా అని కూడా అడుగుతారు. అవి ఇన్సులేషన్ కోసం మళ్లీ పీకాల్సినవే, వద్దనండి.

రంగు విషయంలో అందం చూసుకోండి, కానీ ముదురు రంగు వ్యాన్ ఎండలో తెల్లదాని కన్నా బాగా వేడెక్కుతుందని గుర్తుంచుకుని చూసుకోండి.

చివరగా, అమ్మేవాళ్లు నోటితో చెప్పినవేవీ ఆర్డర్‌లో ఉన్నట్టు కాదు. కోడ్‌లతో సహా పూర్తి జాబితా రాతలో తీసుకుని ఇంటికొచ్చి మర్నాడు చదవండి. ఫలానా తేదీ దాటాక మార్పులకు వీలుండదు కాబట్టి ఆ తేదీ కూడా అడిగి రాసుకోండి.

4. ఎదురుచూసే నెలలు

డెలివరీ తేదీ అన్నది ఆశ మాత్రమే, వాగ్దానం కాదు. నాది రెండుసార్లు వాయిదా పడింది. ఖాళీగా ఉండలేక తగ్గింపు ధరలో ఫ్రిజ్, హీటర్ కొని పెట్టాను. వాటిని మొదటిసారి ఆన్ చేసేనాటికి గ్యారంటీలో చాలా భాగం అట్టపెట్టెలోనే కరిగిపోయింది. ఈ కాలంలో వస్తువులు కొనకండి, కాగితం పనులు చేయండి.

ముందు, తయారీదారు బాడీ కట్టేవాళ్ల కోసం ఇచ్చే సాంకేతిక పుస్తకం సంపాదించండి. ఎక్కడ రంధ్రం వేయకూడదు, ఎక్కడి నుంచి అదనపు కరెంటు తీసుకోవచ్చు, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఏ దారిన పోతుంది అన్నీ అందులో ఉంటాయి. దాన్ని కాదని రంధ్రం వేస్తే వ్యాన్ గ్యారంటీకే ఎసరు.

తరవాత రిజిస్ట్రేషన్. సరుకుల వ్యాన్‌ను నివాస వాహనంగా మార్చి నమోదు చేయాలంటే ప్రతి దేశానికీ సొంత నిబంధనలున్నాయి. ఐరోపా సంఘం నిర్వచనం ప్రకారం కూర్చోవడానికి సీట్లు, బల్ల, పడుకునే చోటు, వంట సదుపాయం, సామాన్లు దాచే చోటు ఉండాలి, అవి గట్టిగా బిగించి ఉండాలి. బల్లను మాత్రం తీసి పెట్టుకునేలా ఉంచవచ్చు. మీ దగ్గర నియమాలేమిటో ఇప్పుడే కనుక్కోండి. ప్రయాణంలో మనుషులు కూర్చునే అదనపు సీటు పెట్టాలనుకుంటే అది పరీక్షల్లో నెగ్గిన సీటు, బెల్టు అయి ఉండాలి. చెక్క పెట్టె మీద బెల్టు బిగించి పిల్లల్ని కూర్చోబెట్టడం ఎక్కడైనా ప్రమాదమే. ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా పని మొదలుపెట్టే ముందే చెప్పాలి. సగం కట్టిన వ్యాన్ వాళ్ల దృష్టిలో సరుకుల వ్యానూ కాదు, క్యాంపరూ కాదు.

5. వ్యాన్ చేతికొచ్చిన రోజు

పగటి వెలుతురులో, పొడి వాతావరణంలో తీసుకోండి. తడి రేకు మీద గీతలు కనిపించవు. చేతిలో ఆ కోడ్‌ల జాబితా పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూడండి, సంతకం ఆ తరవాతే. అక్కడి నుంచి నేరుగా కాటాకు వెళ్లి ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా తూకం వేయించండి. నా వ్యాన్ కాగితం మీదకన్నా 60 కిలోలు ఎక్కువే తూగింది. అప్పటిదాకా వేసుకున్న లెక్కంతా మళ్లీ మొదటికొచ్చింది.

కొన్ని వారాలు ఖాళీగానే నడపండి. పరుపు వేసుకుని ఒక రాత్రి పడుకోండి. ఏ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో, ఎక్కడ నీళ్లు కారుతున్నాయో లోపల చెక్క బిగించకముందే తెలియాలి.

6. రేకు కోసే రోజు

కొత్త వ్యాన్ పైకప్పుకు రంధ్రం పెట్టడమంటే ఎవరికైనా టెన్షనే. పైన గాలిగుమ్మటం, అంటే ఫ్యాన్ ఉండే మూత, సాధారణంగా 40 × 40 సెంటీమీటర్ల చదరం. పక్కల కిటికీలు వేరువేరు కొలతల్లో వస్తాయి. కొలత పుస్తకంలోంచి కాకుండా చేతికొచ్చిన వస్తువు మీంచి తీసుకోండి.

లోపలి నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే ఇనుప పక్కటెముకలు లోపలి నుంచే కనిపిస్తాయి. నాలుగు మూలల్లో చిన్న డ్రిల్ బిట్‌తో రంధ్రాలు వేసి, బయటికెళ్లి ఆ రంధ్రాలను కలుపుతూ గీత గీయండి. గీతకు రెండు వైపులా రంగు గీరుకుపోకుండా కాగితపు టేపు అంటించండి. మూలల్లో జిగ్‌సా బ్లేడు పట్టేంత పెద్ద రంధ్రాలు చేసి, సన్న పళ్లున్న లోహపు బ్లేడుతో నెమ్మదిగా కోయండి. ఆఖరి వైపుకొచ్చేసరికి ముక్క ఊగి బ్లేడు విరుగుతుంది కాబట్టి కోసిన భాగాన్ని టేపుతో కట్టిపెడుతూ రండి. ఇంకో మనిషి లోపలి నుంచి పట్టుకుంటే హాయి.

నేను ఇక్కడ చేసిన తప్పు కోతలో లేదు, శుభ్రం చేయడంలో ఉంది. చీపురుతో ఊడ్చేసి అయిపోయిందనుకున్నాను. వారం తిరక్కుండా పైకప్పు నిండా గోధుమరంగు చుక్కలు. కోసేటప్పుడు ఎగిరిన వేడి ఇనుప రజను రంగులో అతుక్కుని తుప్పు పట్టింది. కోయబోయే ముందు చుట్టూ పాత దుప్పటి పరవండి, లోపల ప్లాస్టిక్ సంచి అంటించండి, అయ్యాక గుడ్డలో చుట్టిన అయస్కాంతం తిప్పి, పైన నీళ్లతో కడగండి.

కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేసి, తుప్పు పట్టని ప్రైమర్, దాని మీద రెండు పూతల రంగు వేసి పూర్తిగా ఆరనివ్వండి. ఆ రోజు వాన వస్తుందేమోనన్న తొందరలోనే అందరూ దీన్ని దాటేస్తారు. కోత ఉదయం మొదలుపెట్టి, రంధ్రం మీద కప్పడానికి ప్లాస్టిక్ షీటు దగ్గర ఉంచుకుంటే తొందరే ఉండదు. తరవాత లోపల చెక్క చట్రం, పైన బాహ్య వాతావరణానికి తట్టుకునే సీలెంట్. మామూలు బాత్‌రూం సిలికాన్ వాడకండి, అది అతుకు వదిలితే మళ్లీ దాని మీద ఏదీ అంటుకోదు.

నేలకు రంధ్రం వేసే ముందు ప్రతిసారీ వ్యాన్ కిందికి దూరి చూడండి. ఇంధనం ట్యాంకు, యాడ్‌బ్లూ (డీజిల్ పొగను శుభ్రపరిచే ద్రవం) ట్యాంకు, బ్రేకు గొట్టాలు అక్కడే ఉంటాయి.

7. వైర్లు గోడలోకి పోయేముందు

ఇన్సులేషన్ కన్నా ముందు వైర్లు. వైర్లను విడిగా వదిలేయకుండా ప్లాస్టిక్ గొట్టాల్లో వేసి, ప్రతి గొట్టంలో ఒక దారం అదనంగా ఉంచితే రేపు కొత్త వైరు లాగడం నిమిషం పని. పలకలు బిగించే ముందు గోడకు టేపు ఆనించి, కొలత కనిపించేలా ఫోటోలు తీసుకోండి. నేను ఇప్పటికీ నెలకోసారి చూసే ఫోటోలు అవే.

రోజుకు ఎంత కరెంటు కావాలో వాట్ అవర్లలో రాయండి. కంప్రెసర్ ఫ్రిజ్ వేడిని బట్టి 300 నుంచి 600. మా వాడకం ఫ్రిజ్, లైట్లు, ఫ్యాన్, పంపు, లాప్‌టాప్, ఫోన్లు కలిపి 800 దగ్గర తేలింది. 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 12.8 వోల్టుల లెక్కన 1,280 వాట్ అవర్లుంటాయి, దాదాపు అంతా వాడుకోవచ్చు. అదే సామర్థ్యం ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగం దాటి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. లిథియానికి ఒక షరతుంది: సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు. అందుకే బ్యాటరీని లోపల, కదలకుండా బోల్టులతో బిగించి పెట్టాలి.

ఛార్జింగ్‌కు అందరూ ముందు సోలార్ గురించే మాట్లాడతారు. నా అనుభవంలో ఆల్టర్నేటర్ నుంచి ఛార్జ్ చేసే డీసీ-డీసీ ఛార్జరే అసలు ఆధారం. 30 ఆంపియర్లది గంటకు సుమారు 400 వాట్ అవర్లిస్తుంది, రెండు గంటలు నడిపితే మా రోజు ఖర్చు వచ్చేసినట్టే. ఇప్పటి ఇంజన్లలో ఆల్టర్నేటర్ వోల్టేజీని కంప్యూటర్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి రెండు బ్యాటరీలను ఊరికే కలిపే పాతకాలపు రిలే స్విచ్‌తో సరిపెట్టుకుంటే బ్యాటరీ నిండదు. సోలార్ మాత్రం ఎక్కడైనా మూడు రోజులు కదలకుండా ఉంటే అక్కరకొస్తుంది.

వైరు మందం దగ్గర పిసినారితనం పనికిరాదు. 12 వోల్టుల్లో చిన్న నష్టమూ పెద్దదే. 5 మీటర్ల దూరంలో ఉన్న 10 ఆంపియర్ల వస్తువుకు రానుపోను 10 మీటర్ల వైరు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి అయితే 0.7 వోల్టులు దారిలోనే పోతాయి. 6 చదరపు మిల్లీమీటర్లు వేస్తే 0.3 మాత్రమే. ఫ్యూజు ఉండేది వస్తువును కాపాడటానికి కాదు, వైరు కాలిపోకుండా. అందుకే అది వైరు మొదట్లో, బ్యాటరీకి వీలైనంత దగ్గర ఉండాలి. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ నడపాలనుకుంటే ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి 180 ఆంపియర్లకు పైగా లాగుతుందని, దానికి బొటనవేలంత కేబుల్ కావాలని ముందే తెలుసుకోండి. మెయిన్స్ కరెంటు కలిపే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేశాను.

8. ఇన్సులేషన్, గాలి

ఇద్దరు మనుషులు రాత్రంతా పడుకుంటే ఊపిరి, చెమట రూపంలో అర లీటరుకు తక్కువ కాకుండా నీరు గాలిలో కలుస్తుంది. ఒక కిలో ప్రొపేన్ మండితే 1.6 కిలోల నీరు పుడుతుంది. ఈ ఆవిరంతా చల్లటి రేకును వెతుక్కుంటూ వెళ్లి అక్కడ చుక్కలవుతుంది. కాబట్టి రేకుకు గాలి సందు లేకుండా అంటుకునే, నీరు పీల్చని మూసిన రంధ్రాల రబ్బరు ఫోమ్ మేలు. దూదిలాంటి రాతి ఊలు చవక, శబ్దాన్నీ బాగా ఆపుతుంది, కానీ ఒకసారి తడిస్తే గోడలో తడిబట్ట పెట్టుకున్నట్టే. ఇనుప పక్కటెముకల మీద కూడా పలచగా అంటించండి, చలి ముందు వాటిలోంచే వస్తుంది. తలుపుల అడుగున నీరు బయటికిపోయే రంధ్రాలు మాత్రం మూయవద్దు.

ఎంత ఇన్సులేషన్ చేసినా, పైన ఫ్యాన్, కింద గాలి వచ్చే దారి రెండూ లేకపోతే పొద్దున్నే అద్దాలు ఏడుస్తాయి.

9. నీళ్లు, గ్యాస్, హీటర్

నీళ్ల ట్యాంకును రెండు ఇరుసుల మధ్య, కింద, ఎడమ కుడి బరువు సరిచూసి పెట్టండి. శుభ్రం చేయడానికి చెయ్యి పట్టేంత మూత ఉండాలి. ఇంతే.

గ్యాస్ గాలికన్నా బరువు, కారితే నేలకు దిగి పేరుకుంటుంది. సిలిండర్ పెట్టె లోపలి గదిలోకి ఏ సందూ లేకుండా మూసి, దాని అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం పెట్టాలి. చలి ప్రదేశాలకు వెళ్లేవాళ్లు బ్యూటేన్ నమ్ముకోవద్దు. అది సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది. డీజిల్ హీటర్ పొగగొట్టం, మంటకు గాలి తీసుకునే గొట్టం రెండూ వ్యాన్ బయటే ఉండాలి. ఏది పెట్టినా కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు.

10. చెక్క పని

వ్యాన్‌లో ఏ గోడా నిటారుగా ఉండదు, ఏ మూలా 90 డిగ్రీలు కాదు. వ్యాన్ నిలబెట్టిన నేల కూడా సమంగా ఉండదు కాబట్టి రసమట్టం పెట్టి బిగించినదంతా తరవాత వంకరగా కనిపిస్తుంది. వ్యాన్ నేల మీదే మూలమట్టం ఆనించి కొలవండి. గోడ వంపుకు అట్ట కోసి, ఆ అట్టను బట్టి ప్లైవుడ్ కోయండి. నేను మొదటి అల్మరాకు అట్ట వాడకుండా మూడు షీట్లు పాడుచేశాను, తరవాతి వాటికి ఒక్కటీ పోలేదు.

స్క్రూలు ఇంటి చెక్కపనిలా వేస్తే రోడ్డు కుదుపులకు ఏడాదిలో వదులవుతాయి. రేకుకు రివెట్ నట్లు (రేకులోనే బిగిసిపోయే మరలున్న నట్లు) వేసి బోల్టులతో బిగించండి, చెక్కకు చెక్క జిగురు, స్క్రూ రెండూ వాడండి. సొరుగులకు నొక్కితే గానీ తెరుచుకోని గడియలు కావాలి, అయస్కాంతపు గడియలు మొదటి మలుపులోనే చేతులెత్తేస్తాయి. పంపు, ఫ్యూజుల పెట్టె, నీళ్ల అతుకులు ఏ పలక వెనకున్నా, ఆ పలక నాలుగు స్క్రూలతో ఊడి రావాలి. జిగురుతో అంటించిన అందమైన పలకను పంపు కోసం పగలగొట్టినవాడిగా చెబుతున్నాను.

11. మళ్లీ కాటాకు

పని సగంలో ఒకసారి, అంతా అయ్యాక నీళ్లు, ఇంధనం నింపి, సామాన్లతో, మనుషులతో ఒకసారి తూకం వేయించండి. మొత్తంతోపాటు ముందు ఇరుసు, వెనక ఇరుసు, కుదిరితే ఎడమ, కుడి కూడా. ఇరుసుల హద్దులు తలుపు దగ్గరి పలక మీద రాసి ఉంటాయి. మొత్తం 3,500కి లోపే ఉన్నా వెనక ఇరుసు దాటిపోవచ్చు. నాకు సరిగ్గా అదే జరిగింది: మొత్తం 3,310, వెనక ఇరుసు మాత్రం హద్దుకు 15 కిలోలు ఎక్కువ. పనిముట్ల పెట్టెను మంచం కింద నుంచి తీసి ముందు సీటు వెనక్కి మార్చాను, వెనక తలుపుకు వేలాడదీసిన రెండు సైకిళ్లలో ఒకదాన్ని ఇంట్లో వదిలేశాను. మర్నాడు మళ్లీ వెళ్తే కాటా మనిషి నన్ను గుర్తుపట్టి, "ఈసారి ఏం దించారు?" అని అడిగాడు.